సారును అడగకుండా రాసిన వార్త

సారు పోయారన్న కబురు నాకు ఉదయం ఆరింటికే, హజీరా ఫ్యాక్టరీకి వెళ్ళే కంపెనీ బస్సులో అందింది. నేను నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, అబద్ధమని అందరికీ చాటాను. ఈ నాలుగు మాటలూ ఆ పని చేసినవాడే రాస్తున్నాడని ముందే చెప్పేస్తే నయం.

సారంటే బడిపంతులు కాదు. రేడియో, టీవీ, పత్రికల వ్యవహారాలు చూసే కేంద్ర మంత్రిత్వ శాఖలో, ప్రచార విభాగంలో పనిచేసి సూరత్‌లోనే రిటైరయ్యారు. మా నాన్న సిరిసిల్ల నుంచి ఇక్కడికి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చిన రోజుల్లో, సారు జీపులో తెర, ప్రొజెక్టరు వేసుకుని మా బస్తీకి వచ్చేవారు. పోలియో చుక్కల మీదో, టీబీ మందుల మీదో సినిమా. అది హిందీలో ఉండేది, మావాళ్ళకు సగం ఎక్కేది కాదు. సారు మైకు పట్టుకుని తెర పక్కన నిలబడి తెలుగులో చెప్పేవారు. తెర మీద డాక్టరు పెదాలు కదిపితే మాట సారుది వినపడేది. ఆ డాక్టరు మా కరీంనగర్ దిక్కువాడేనని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

రిటైరై ఇక్కడే ఆల్థాన్‌లో ఫ్లాటు కొనుక్కున్నాక కూడా ఆ పని ఆయన్ని వదల్లేదు. ఫోనులో ఏ వార్త వచ్చినా మావాళ్ళు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టేవారు.

"సారూ, రేషన్ కార్డులు బంద్ జేస్తరట గదా?"

"ఎవరు చెప్పారు?"

"అందరు అంటున్నరు సారూ."

"ఆ అందరి ఇల్లెక్కడ? పద, వెళ్ళి అడుగుదాం."

అన్నంత పనీ చేసేవారు. లాక్‌డౌన్‌లో ఊరికి రైలు పెట్టారని ఎవరో అంటే మా గల్లీ గల్లీ మూటలు కట్టింది. సారు అందరినీ ఆపి, స్కూటరు మీద స్టేషనుకు పోయి వచ్చి చెప్పారు. "రైలు లేదు. గేటుకు తాళం ఉంది. చూశాను." ఆయన ఏది చెప్పినా చివర ఆ 'చూశాను' ఉండాల్సిందే. ఆ మాట లేకపోతే మావాళ్ళు లేచేవారు కాదు.

పోయినేడు ఆయన్ని కంటి ఆపరేషన్‌కు స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఎవరో చూశారు. సాయంత్రానికి సారు పోయారని నాకు తెలిసింది. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకు పెద్దను నేనే కదా, దీపం బొమ్మ పెట్టి, పువ్వులు చల్లి, ఘనంగా వేశాను. అరగంటకు సారు దగ్గర్నుంచే మెసేజ్ వచ్చింది, అచ్చం ఆఫీసు ప్రకటనలాగా. "సారు మరణించారన్న వార్తలో నిజం లేదు. ఆయన ప్రస్తుతం ఆసుపత్రి ఉప్మా తింటున్నారు. అది బాగాలేదు."

మర్నాడు పిలిపించి చాయ్ ఇచ్చి చీవాట్లు పెట్టారు. "తప్పు ఏ గోడ మీద రాశావో దిద్దుబాటూ ఆ గోడ మీదే రాయాలయ్యా. పక్క సందులో చెవిలో చెబితే చెల్లదు." ఆయన ముందే కూర్చుని గ్రూపులో క్షమాపణ రాశాను. ఇక ఆయన్ని అడగకుండా ఏ వార్తా వెయ్యనని ఒట్టు కూడా పెట్టాను.

ఆ ఒట్టే నా కొంప ముంచింది. ఆ రోజు బస్సులో చూసిన మెసేజ్, ఆల్థాన్‌లో వాచ్‌మన్‌గా చేసే మావాడు పెట్టింది. "మన సారు ఇక లేరు." సారుకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఏడు దాటి పేపరు మడిచేదాకా ఆయన ఫోనెత్తరు, అది నాకు తెలుసు. వెంటనే రాశాను. "ఇది పాత అబద్ధమే. సారు బాగున్నారు. ఎవరూ నమ్మొద్దు." వాచ్‌మన్‌ను గ్రూపులోంచి తీసేశాను కూడా. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్ అప్పగించి లోపలికి పోయాను.

సాయంత్రం ఫోన్ చేతికొచ్చేసరికి అన్నీ వాచ్‌మన్ కాల్సే. తిరిగి చేశాను. "నేను పాడె కట్టి వచ్చిన అన్నా. అబద్ధమంటవేంది?" అప్పటికి దహనం అయిపోయింది. మోయడానికి ఆ బిల్డింగులోని గుజరాతీలే భుజం పట్టారట. సాంచాల మీద ఉన్న మావాళ్ళు ఒక్కరూ కదల్లేదు. ఎందుకు కదుల్తారు, సారు బాగున్నారని నేను రాశాను కదా!

ఆ రాత్రే ఆల్థాన్ పోయాను. అమ్మ, అంటే సారు భార్య, నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు రాసింది ఆయన ఫోనులో చూశానయ్యా. ఆయన్ని పక్కనే పెట్టుకుని కూడా, ఒక్క క్షణం నమ్మాను," అంది. నేను ఏడ్చేశాను.

నేను ఆయన చెప్పినట్టు చేశానా, చెయ్యలేదా? పుకారు నమ్మొద్దన్నారు, నమ్మలేదు. అడగమన్నారు, ఫోన్ చేశాను. మరి 'బాగున్నారు' అని ఏ నోటితో రాశాను, చూడకుండా? ఎటు తిప్పినా నాకు తేలడం లేదు. ఇలాంటిది తేలకపోతే ఇన్నేళ్ళూ సారు దగ్గరికే పోయేవాణ్ణి.

దిద్దుబాటు ఆ గోడ మీదే రాశాను. వాచ్‌మన్‌ను మళ్ళీ చేర్చి, అతన్ని క్షమించమని అడిగి, "సారు నిజంగానే పోయారు, పొద్దున నేను రాసింది తప్పు" అని పెట్టాను. రెండు నిమిషాలకు ఒకడు అడిగాడు.

"సారును అడిగినవా అన్నా?"

వెటకారం కాదు, పాపం అలవాటు.

సాంచాలకు సెలవున్న రోజు మావాళ్ళు ఎవరూ పిలవకుండానే సారు ఇంటికి వచ్చారు. నలుగురైదుగురు చొప్పున, చెప్పులు మెట్ల మీద వదిలి, లోపలికి పోయి, సారు కుర్చీనీ, దాని మీద మడత విప్పని పేపరునూ చూసి, అమ్మకు దండం పెట్టి దిగిపోయారు. నేను కింద గేటు దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి నా ఫోను మోగడం మొదలైంది. గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు అదే మాట రాస్తున్నారు.

"చూసిన."

"చూసిన అన్నా."

"చూసినం. నిజమే."