కోత అంచుకి కాస్త

హరలాంబీకి ఒకటే జబ్బు. ఎవరు ఏ అంకె చెప్పినా దానికి కొంత కలపనిదే ఆయనకి నిద్ర పట్టదు. అదేమిటయ్యా అంటే, "కోత అంచుకి!" అంటాడు.

క్రయోవా ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో లెక్కల విభాగానికి ఆయనే పెద్ద. పల్చటి ఉక్కు రేకుల్ని దొంతరగా పేర్చి ట్రాన్స్‌ఫార్మర్‌కి గుండెకాయలాంటి కోర్ చేస్తారు. రేకుని కోస్తే అంచు దెబ్బతింటుంది, దెబ్బతిన్న ఉక్కు కరెంటుని మరింత వేడిగా తగలేస్తుంది. అందుకని లెక్కకి కాస్త కలుపుతాడు. బాగానే ఉంది, కానీ ఈ మనిషి రేకుల దగ్గర ఆగితేగా! ఇంటికి ఆరుగురు భోజనానికి వస్తున్నారంటే పదిమందికి సరిపడా సర్మాలెలు, అంటే మాంసం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు, చుట్టించేవాడు.

"ఆ మిగతా నలుగురూ ఎవరండీ?" అని అరిచేది భార్య ఒల్గుత్సా.

"కోత అంచే!"

ఆయన కింద పనిచేసే స్మరాండకి ఆ మాట వింటే ఒళ్ళు మండేది. కోర్‌లో ఎంత కరెంటు నష్టమవుతుందో ముందే చెప్పే కొత్త లెక్క ఆమెదే. డైరెక్టర్ తుదోరాకెకి మాత్రం నష్టం తక్కువ చూపించే లెక్కలంటేనే ప్రాణం.

"ఆ ముసలాయన కలిపేదంతా తీసెయ్ స్మరాండా. అంకె అందంగా ఉండాలి."

తీసేసింది. ఆ అందమైన అంకె చూసే ఆర్డరు వచ్చింది. "పరీక్షలో ఇది దాటిందో, వేరే ఉద్యోగం చూసుకో" అని ముక్తాయించడం డైరెక్టర్ మర్చిపోలేదు.

కోర్ పేర్చాక ఆయన అందరి ముందూ హరలాంబీ మీద ఎగిరాడు. "ఇంత ఉక్కు ఎందుకు పట్టింది? ఎవరబ్బ సొమ్మయ్యా?"

"రేకులు కాస్త ఎక్కువ పేర్పించానండీ. కోత అంచుకి."

హాలంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది స్మరాండే.

పరీక్ష రోజు పొద్దున, కోసిన రేకుల మీద తీసిన కొలతలు ఆమె చేతికొచ్చాయి. నష్టం ఆమె చెప్పినదానికంటే బాగా ఎక్కువ! స్మరాండ ఆ కాగితంతోనే పరీక్ష హాల్లోకి ఉరికింది. ట్రాన్స్‌ఫార్మర్ కొన్నవాళ్ళు అప్పటికే మీటర్ చుట్టూ మూగారు.

ముల్లు పైకి లేచింది, ఊగింది, ఆమె చెప్పిన అంకెకి కాస్త ఇవతలే ఆగింది.

"చూశారా మా లెక్క!" తుదోరాకె ఛాతీ రెండింతలైంది.

స్మరాండకి అప్పుడు వెలిగింది. ఉక్కు ఎక్కువైతే ఒక్కో రేకు మీద భారం తగ్గుతుంది, నష్టమూ తగ్గుతుంది. పరుగున వెళ్ళేసరికి హరలాంబీ కిటికీ దగ్గర నింపాదిగా నువ్వులద్దిన కొవ్రిగ్ రొట్టె నములుతున్నాడు.

"నా కోసమే చేశారు కదూ? మరి అన్ని తిట్లు ఎందుకు తిన్నారు?"

"నాకు అలవాటే అమ్మాయ్. నీకింకా కాలేదు." చొక్కా మీది నువ్వులు దులుపుకున్నాడు. "ఆ అంచుని నీ లెక్కలో కలిపెయ్, ప్రతిసారీ తిట్లు తినలేను. రాత్రికి భోజనానికి రండి. ఎంతమంది వస్తారు?"

"ఇద్దరం." స్మరాండ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "కాదు, నలుగురికి వండించండి. కోత అంచుకి."

"నలుగురా?" ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "అయితే ఒల్గుత్సాకి ఆరుగురని చెబుతాలే."