మాడిన ముక్క నాకియ్యి

మా పక్క క్వార్టర్ కాక చనిపోయాడు. దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసి ఆ మాట చెప్పేసరికి నేను పెరట్లో కూర్చుని, మాంసం కాల్చే ఇనుప జాలీని కొబ్బరి పీచుతో తోముతున్నాను. ఆయాసం తగ్గింది, ఆదివారానికి ఇంటికి పంపుతామని ముందు రోజే డాక్టర్లు అన్నారు. వచ్చిన రోజే కొర్రమట్ట చేప కాల్చాలని కాక ముందే హుకుం వేశాడు. ఫోన్ పెట్టేశాక కూడా నేను తోముతూనే ఉన్నాను. తళతళలాడుతున్న జాలీని ఇంకా ఎందుకు తోముతున్నానో నాకే తెలియదు. చేతులు ఊరుకోలేదు, అంతే.

నా చేతులు ఎప్పుడూ ఊరుకోవు. అన్నం ఉడుకుతుంటే నాలుగుసార్లు మూత తీస్తాను. బస్సు రాకపోతే నడక మొదలుపెడతాను. మా నాన్నతో కలిసి బొగ్గు బాయి దిగినవాడు కాబట్టి ఆయన నాకు కాక అయ్యాడు గానీ, నన్ను బిడ్డా అని పిలిచింది తక్కువే. "ఓ కాలుగాలిన పిల్లీ" అని గోడ అవతలి నుంచి కేక వేసేవాడు. నేను పలికేదాన్ని కూడా, సిగ్గు లేకుండా.

ఆయనతో నా పొయ్యి స్నేహం ఒక పెద్ద బుద్ధితక్కువ పనితో మొదలైంది. మా ఆయన ముచ్చటపడి ఆన్‌లైన్‌లో బార్బెక్యూ పొయ్యి తెప్పించాడు. మూత, చక్రాలు, పక్కన గిన్నె పెట్టుకోను చిన్న పలక, అన్నీ ఉన్నాయి. బొగ్గు వేసి కాల్చమని రాశారు. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లం, బొగ్గు మాకు చెప్పాలా? అత్తగారు బొగ్గుల పొయ్యి మీద వండిన రోజుల నాటి సంచి ఒకటి మూలన పడి ఉంటే, తెచ్చి కుమ్మరించాం. ఇక చూడండి పొగ! వీధి వీధంతా దగ్గింది. కోడి ముక్కలు డాంబర్ వాసన కొట్టాయి. నాకు ఒళ్లు మండి మా ఆయన్ను, పొయ్యిని కలిపి తిడుతున్నాను. అప్పుడు గోడ మీద కాక తల కనిపించింది.

"పిల్లా, గది బాయి బొగ్గు. కరెంటు పుట్టిచ్చేటిది. మన కడుపుకు తుమ్మ బొగ్గు గావాలె."

ఆ ముక్కల్ని మమ్మల్ని తిననివ్వలేదు, కుక్కకూ వేయనివ్వలేదు. మరుసటి ఆదివారం తుమ్మకర్ర బొగ్గు బస్తా మోసుకుని వచ్చాడు. ఆయన దగ్గర సగానికి కోసిన డ్రమ్ము పొయ్యి ఒకటి ఉండేది. కొత్తలో రంగూ జిడ్డూ పోయేదాకా ఖాళీగానే కాల్చి, అప్పుడు వాడాడట. ముక్కలు గుచ్చే చువ్వలు కమ్మరి దగ్గర బల్లపరుపుగా కొట్టించాడు. గుండ్రటి చువ్వ అయితే మనం తిప్పినా ముక్క తిరగదు, కాలిన వైపే మళ్లీ కాలుతుంది. జాలీకి ముక్క అంటకుండా సగం ఉల్లిగడ్డను నూనెలో ముంచి రుద్దేవాడు. మేక మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద, అదీ కొంచెమే; ఎక్కువైతే ముక్క పిండి అవుతుందని బెదిరించేవాడు. కోడికి పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం. నిమ్మరసం మాత్రం దింపాకే.

మీలో ఎవరైనా ఇంట్లో కాలుస్తుంటే ఈ ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది ఆయన అన్నిటికంటే గట్టిగా పట్టుకున్న మాట. నిప్పంతా పరచకూడదు. ఒక పక్కకే ఉండాలి. ముక్క నిప్పు మీద రంగు తేలి, నిప్పు లేని పక్కకు జరిగి, మూత కింద మెల్లగా ఉడకాలి. బొగ్గు మీద తెల్ల బూడిద పట్టేదాకా ముక్క వేయనే వద్దు.

"పొగ ఉన్నంతసేపు పొయ్యి మాట్లాడుతది. నువ్వు ఊకో" అనేవాడు.

ఊకోవడం నాకెక్కడ వచ్చు? ఆయన బాయిలో మందు పేల్చే పని చేశాడు. మందు కూరి, అందరినీ వెనక్కి జరిపి, పేలాక కూడా పొగ పోయేదాకా ఎవరినీ ముందుకు పోనివ్వకుండా నిలబడడమే సగం డ్యూటీ అని చెప్పేవాడు. అట్లాంటి మనిషి పక్కన నేను పట్టకారు పట్టుకుని ముక్కను అటు తిప్పి, ఇటు తిప్పి, పీకి, చీల్చేదాన్ని. ముక్క కాలితే జాలీని అదే వదులుతుందని, వదిలినప్పుడే తిప్పాలని ఎన్నిసార్లు చెప్పాడో. సరే, తిప్పనులే అని రోషపడి లోపలికి వెళ్లేదాన్ని. బట్టలు ఆరేసేదాన్ని, ఫోన్ చూసేదాన్ని. వచ్చేసరికి ఒకటో రెండో బొగ్గయ్యేవి. వాటిని పారేయబోతే కాక చెయ్యి చాచేవాడు.

"మాడిందా? నాకియ్యి. గదే నాకిష్టం."

కరకరమని నమిలేవాడు. మొదట్లో సిగ్గుపడ్డాను, తర్వాత ధైర్యం వచ్చింది. ఆపైన మాడిన ముక్క పడిందంటే కాక అదృష్టమని నేనే ఆయన పళ్లెంలో వేసేదాన్ని. పట్టకారు వదలకుండా ఇన్నేళ్లు ఆ పొయ్యి దగ్గర నిలబడ్డానంటే ఆ ఒక్క మాట వల్లే.

మా వైపు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూస్తారు. ముట్టకపోతే ఆ మనిషి మనసు ఇంకా దేనిమీదో ఉన్నట్టు. గోదావరి ఒడ్డున మేక కూర, గారెలు, కల్లు పెట్టారు. పిట్టలు వచ్చాయి, చుట్టూ తిరిగాయి, పోయాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లలు సొమ్మసిల్లేలా ఉంటే, చేసేది లేక ఆవుకు పెట్టి తిరిగొచ్చాం.

ఆ రోజు నుంచి చిన్నమ్మకు, అంటే కాక భార్యకు, తిండి లేదు. ఏం తక్కువ చేశాను, ఏం అడిగాడు, నేనేం మరిచిపోయాను అని కనబడ్డవాళ్లనల్లా అడిగింది. పిట్ట సంగతి నేను నమ్ముతానో లేదో నన్నడగకండి. చిన్నమ్మ నమ్ముతుంది, అది చాలు. నాకూ నిలబడితే కుదురు లేదు, కూర్చుంటే కుదురు లేదు. ఆదివారం కాలుద్దామన్న మాట నా దగ్గరే ఉండిపోయింది కదా. పదకొండో రోజు నేనే కాలుస్తానన్నాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని తలూపింది.

కాక డ్రమ్ము పొయ్యిలోనే తుమ్మ బొగ్గు ఒక పక్కకు పేర్చాను. బూడిద పట్టేదాకా ఆగాను. కొర్రమట్టకు గాట్లు పెట్టి ఉప్పూ కారం పట్టించాను, కోడి కాళ్లకు ఎముక దాకా గాట్లు పెట్టాను. జాలీ వదిలేదాకా ముట్టలేదు. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ కాల్చలేదు. తర్వాత ఒక కోడి ముక్కను కావాలనే నిప్పు మీదికి తోసి, బాగా మాడనిచ్చాను. కాకకు ఇష్టమైనది అదే మరి. రెండు క్వార్టర్ల మధ్య గోడ మీద విస్తరి పెట్టి, అన్నిటికీ ముందు ఆ మాడిన ముక్కను పెట్టాను.

పిట్ట రాలేదు. అందరం గోడ దగ్గరే మూగాం. ఎవరో కావ్ కావ్ అని పిలిచారు. నేను విస్తరిని అటు జరిపాను, ఇటు జరిపాను, నీళ్లు చల్లాను. చిన్నమ్మ ముఖం చూడలేకపోయాను. ఇదీ ముట్టకపోతే ఆమె బతికినన్నాళ్లూ ఈ గోడ వైపే చూస్తుంది. ఆమె లేచి వచ్చి విస్తట్లోకి చూసింది.

"గీ మాడింది ఎందుకు వెట్టినవ్ బిడ్డా?"

"కాకకు ఇష్టం గద, చిన్నమ్మా."

"ఎవలు జెప్పిన్రు నీకు? మాడింది తింటే రాత్రంత కడుపుల మంట ఆయనకు, నీళ్లు తాగుకుంట కూసునేటోడు. వద్దంటే ఇనేటోడు గాదు. పిల్ల చిన్నబోతది, మల్ల పొయ్యి కాడికి రాదు అంటుండె."

ఆ ముక్క తీసి నా చేతిలో పెట్టింది. దాని చోట మెత్తగా కాలిన ముక్క పెట్టి, అందరినీ వెనక్కి జరగమంది.

"మీద మీద వడితే అదెట్లొస్తది? జర ఊకోండ్రి."

పెరటి మెట్టు మీద కూర్చున్నాను. లేవాలనిపించింది, లేవలేదు. ఏడుపొచ్చింది, కదలకుండా ఏడ్చాను. వేపచెట్టు మీది నుంచి పిట్ట ఒకటి గోడ మీదికి దిగింది. అటూ ఇటూ చూసి ముక్క అందుకుంది. "తిన్నడు" అంది చిన్నమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అప్పుడే ఆమె కూడా నా పక్కన కూలబడింది.

నా చేతిలోని మాడిన ముక్కను నోట్లో పెట్టుకున్నాను. చేదు. నాలుక మీదంతా మసి. ఉమ్మేయబుద్ధయింది గానీ ఉమ్మలేదు, నమిలి మింగాను. గోడ మీద పిట్ట ముక్కను కాలి కింద అదిమిపెట్టి, తొందర లేకుండా పొడుచుకుని తింటోంది.