కత్తి మోసినవాళ్లు, గింజలు మోసినవాళ్లు

మా నాన్న గురజాల తాలూకా కచేరీలో డవాలా బంట్రోతు. భుజం మీదుగా ఎర్రపట్టీ, దాని మీద అరచేయంత ఇత్తడి బిళ్ల వేసుకుని ఆయన బజార్లో నడిచి వస్తుంటే అంగళ్ల ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. జీతం తక్కువే. అయినా ఆ లేచి నిలబడటం చూసి మా ఇంట్లో అందరి కడుపూ సగం నిండేది.

కచేరీ వెనక వీధిలో మావాళ్లవి తొమ్మిది ఇళ్లు. మమ్మల్ని బొందిలీలనేవారు. ఎప్పుడో ఉత్తరాది నుంచి నవాబుల దండులో సిపాయిలుగా వచ్చి, దండు వెళ్లిపోయాక ఇక్కడే ఉండిపోయినవాళ్ల మనవలం. ఇళ్లలో హిందుస్థానీ, గడప దాటితే తెలుగు. తొమ్మిది ఇళ్లలోనూ గోడకు ఒక కత్తి వేలాడుతూ ఉండేది. దసరాకు దాన్ని దించి, తుడిచి, బొట్టు పెట్టి మళ్లీ తగిలించేవాళ్లం. మా ముత్తాతలకు ఇచ్చిన ఇనాం పొలాలు మా తాతల కాలంలోనే చేతులు మారిపోయాయి. మిగిలినవి కచేరీలో, ఠాణాలో, కోర్టులో బంట్రోతు ఉద్యోగాలు. అరక పట్టడం మావాళ్లకు నామోషీ. ఆడవాళ్లు ముసుగు లేకుండా వీధిలోకి రావడం అంతకంటే నామోషీ. జొన్నసంకటి తిన్నా సరే, తిన్నది జొన్నసంకటి అని పక్కింటికి తెలియకూడదు.

ఊరికి మూడు మైళ్ల దూరంలో, వాగుకు అవతలి గట్టున లంబాడీ తండా ఉండేది; వాళ్లను సుగాలీలనీ అనేవారు. వాళ్లూ ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లే. ఆ సంగతి నేను తొమ్మిదేళ్ల వయసులో నా అంతట నేను కనిపెట్టాను. ఒక లంబాడీ ఆమె వారానికోసారి నెయ్యి తెచ్చేది. ఒకనాడు మా అరుగు మీద కూర్చుని, చంకలోని పిల్ల ఏడుస్తుంటే, "పాణీ కావాలా, పాణీ" అని బుజ్జగించింది. మా ఇంట్లోనూ నీళ్లంటే పానీయే. నేను లోపలికి పరిగెత్తి, "అమ్మా, ఈమె మన మాట మాట్లాడుతోంది" అన్నాను.

ఆ సాయంత్రం నాన్నను అడిగితే ఆయన నవ్వి ఊరుకోలేదు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. "మన తాతలు దండులో కత్తి పట్టినోళ్లు. వాళ్ల తాతలు అదే దండుకు ఎడ్ల మీద గింజలు, ఉప్పు మోసినోళ్లు. వాళ్ల ఎడ్లు రాకపోతే ఆ పూట దండుకు కూడు లేదు. ఇద్దరం ఒకే తోవన వచ్చాం."

"మరి వాళ్లెందుకు తండాలో ఉంటారు?" అన్నాను.

"రైలొచ్చింది, వాళ్ల ఎడ్లతో పని లేకపోయింది" అన్నాడు నాన్న. అంతకు మించి చెప్పలేదు.

చెప్పనిది నాకు తర్వాత తెలిసింది. రైళ్లూ లారీలూ వచ్చి బరువులెత్తే పని పోయాక, తిరిగే జాతి కదా అని సర్కారు వాళ్లను దొంగల జాబితాలో రాసింది. దొంగతనం చేశారని కాదు, ఆ కులంలో పుట్టారని. తండాలో ఎదిగిన ప్రతి మగవాడూ రోజు విడిచి రోజు ఠాణాకు వచ్చి హాజరు పలకాలి. పొలిమేర దాటాలంటే చీటీ కావాలి. మా వీధిలో ఒకాయన ఆ ఠాణాలోనే జవాను. అంటే ఒకే దండు వెంట వచ్చిన రెండు జాతుల్లో ఒకరు పేరు పిలిచేవాళ్లయ్యారు, ఇంకొకరు పలికేవాళ్లయ్యారు. ఊరి బావిలో మేం చేద వేసేవాళ్లం, వాళ్లు వాగులో చెలమ తవ్వుకునేవాళ్లు. మాకు అంగళ్ల ముందు మర్యాద ఉండేది, ఇంట్లో గింజలుండేవి కావు. వాళ్లకు మర్యాద లేదు గానీ ఇంటింటా పాడి ఉండేది, ఆడామగా ఇద్దరికీ పని ఉండేది.

రెండో ప్రపంచయుద్ధం సగంలో ఉండగా నాన్నకు చలిజ్వరం పట్టుకుంది. క్వినైను దొరికేది కాదు. ఇరవై రోజులు మంచం మీద వణికి వణికి చనిపోయాడు. కచేరీ నుంచి మనిషి వచ్చి పట్టీ, బిళ్ల అడిగి తీసుకుపోయాడు. అవి సర్కారువి. అమ్మకు అప్పుడు ముప్పయ్యేళ్లు లేవు. నేనూ, చెల్లెలూ. తొమ్మిది ఇళ్లవాళ్లూ వచ్చి ఏడ్చారు, పదోరోజు దాకా వంతులవారీగా అన్నం పంపారు. ఆ తర్వాత ఎవరి కుండ వాళ్లదే. తప్పు పట్టను. వాళ్ల కుండల్లోనూ ఏమీ లేదు.

నెల తిరక్కుండానే ఆ నెయ్యి తెచ్చే ఆమె ఒక చూడి ఆవును తోలుకొచ్చి మా గుంజకు కట్టేసింది.

అమ్మ తలుపు చాటు నుంచి, "ఇదేందే?" అంది.

"ఆవు. కనపడట్లా?"

"కొనే స్థితిలో లేనే నేను."

"కొనమన్నానా? ఈనితే దూడలో సగం నీది, సగం నాది. పాలు నీవి. మేత నేను మోసుకొస్తా."

"ఎందుకు?"

ఆమె అరుగు మీద చతికిలబడి చెప్పింది. రెండేళ్ల కిందట ఆమె భర్త ఒళ్లు కాలిపోతూ హాజరుకు రాలేకపోయాడట. మర్నాడు పట్టుకొచ్చి లాకప్పులో వేయబోతుంటే, అటుగా వచ్చిన మా నాన్న ఠాణాలోకి వెళ్లి, "నిన్న ఆ మనిషి ఇంట్లో జ్వరంతో పడున్నాడు, నా కళ్లతో చూశాను" అని చెప్పాడట. నిజానికి ఆయన ఆ రోజు తండాకే పోలేదు. "బిళ్ల వేసుకున్నోడు మా కోసం అబద్ధమాడాడు బంట్రోతమ్మా. మావోళ్లు చానామందికి సాయం చేశారు, మాకు మాత్రం ఆయన తప్ప ఎవరూ చేయలా. అందుకని గుర్తుంది."

నాన్న ఆ సంగతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. అమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చి, ఆవు గంగడోలు నిమిరింది. నాన్న పోయాక అమ్మ మొహంలో కాస్త వెలుగు కనిపించడం అదే మొదలు.

ఆవు ఈనింది. కచేరీ గుమాస్తాల ఇళ్ల నుంచి చెంబులు పంపేవారు, నేను పాలు కొలిచి పోసేదాన్ని. రెండు పూటలా పొయ్యి వెలిగింది. పదిరోజులు తిరక్కుండా మా పెదనాన్న, అంటే నాన్నకు అన్న, వాకిట్లో నిలబడ్డాడు. తొమ్మిది ఇళ్లకూ ఆయనే పెద్ద.

"బొందిలీ ఇంట్లో పాలమ్మటం ఏంది? అదీ సుగాలీ ఆవు పాలు? రేపు మన పిల్లల్ని ఎవరు చేసుకుంటారు?"

అమ్మ ఆయనతో అంతవరకూ ఒక్క మాటా నేరుగా మాట్లాడి ఎరగదు. నాతో చెప్పించేది. ఆ రోజు ముసుగు సర్దుకుని, తలుపు చాటు నుంచే తిన్నగా జవాబిచ్చింది. "మీ తమ్ముడు పరువు సంపాదించి పోయారు బావగారూ. ఆ పరువుకే ఈ ఆవు వచ్చింది. తోలేయమంటే తోలేస్తా. పిల్లలకి రేపటి నుంచి ఏం పెట్టమంటారో అదొక్కటీ చెప్పండి."

పెదనాన్న తలుపులోంచి కనిపిస్తున్న గోడ మీది కత్తి వంక చూసి, వెనుదిరిగి వెళ్లిపోయాడు.

ఆ మరుసటి ఎండాకాలం వాగులో చెలమలు కూడా ఎండిపోయాయి. ఏటా ఆ రోజుల్లో లంబాడీలు గొడ్లను నల్లమల వైపు తోలుకుపోవాలి. హాజరు వల్ల మగవాళ్లు కదలడానికి లేదు. ముందటి ఏడు ఆడవాళ్లే తోలుకుపోతే, అడవి అంచున చిరుతపులి ఏడు పశువుల్ని పడేసింది, ఒక పిల్లకు చెయ్యి పోయింది. ఈసారి ఇంటికొక మగవాడినైనా వెంట పంపనివ్వాలని అర్జీ పెట్టుకోవాలనుకున్నారు. రాసిపెట్టే మనిషొకడు గొర్రెను తీసుకుని ఏదో రాసిచ్చాడు. నెయ్యి తెచ్చే ఆమె ఆ కాయితం అమ్మ చేతిలో పెట్టింది. అమ్మకు వాళ్ల నాన్న తెలుగూ ఉర్దూ రెండూ నేర్పించాడు. చదివి, తల అడ్డంగా ఊపింది.

"ఇందులో పశువుల మాటే లేదే. హాజరు ఎగ్గొట్టినందుకు క్షమించమని రాసుంది."

"మేం ఎగ్గొట్టలా" అంది ఆమె.

"నాకు తెలుసు. కాయితానికి తెలీదు." అమ్మ ఆ కాయితం మడిచి పక్కన పెట్టింది. "రేపు పొద్దున్నే తండాకు వస్తా. అందరినీ అడిగి రాయాలి."

మా తొమ్మిది ఇళ్ల ఆడవాళ్లలో తండాకు నడిచిపోయిన మొదటి మనిషి మా అమ్మ. నన్ను వెంటబెట్టుకుని, మొహం మీదికి ముసుగు దించుకుని, బజారు మధ్యలోంచే పోయింది. దొడ్డిదారి ఉన్నా అటు పోలేదు. అంగళ్ల ముందువాళ్లు మాటలాపి చూశారు. నాకు సిగ్గేసింది. ఈ వయసులో తలుచుకుంటే, ఆ సిగ్గుకే సిగ్గేస్తుంది.

తండాలో వేపచెట్టు కింద గొంగడి పరిచారు. చెలమ నీళ్లు ముంతతో తెచ్చి, ఇవ్వాలా వద్దా అని ఆగారు. అమ్మ చెయ్యి చాచి తీసుకుని తాగి నాకిచ్చింది. ఉప్పగా ఉన్నాయి. తర్వాత ఒక్కో ఇంటివాళ్లనూ పిలిచి అడిగింది. ఎన్ని గొడ్లు, పోయినేడు ఎన్ని పోయాయి, ఎవరెవరు తోలుకుపోతారు. వాళ్లు తెలుగులో తడబడితే, "మీ మాటలోనే చెప్పండి, సగం తెలుస్తుంది" అనేది. నిజంగానే సగం తెలిసింది. మిగతా సగం నవ్వుతూ చేతులతో చెప్పుకున్నారు. చెయ్యి పోయిన పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి అర్జీ తయారైంది. చివర అందరూ వేలిముద్రలు వేశారు.

జమాబందీకి, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీకి, పై అధికారి వచ్చాడు. కచేరీ ముందు పందిరి, పందిట్లో బల్ల. తండా పెద్ద అర్జీ ఇచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లంతా వెనక గుంపుగా కూర్చున్నారు, వాళ్ల మధ్య మా అమ్మ. అధికారి చదివాడు, తిప్పి మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఎవరు రాశారిది?"

తండా పెద్ద తలవంచుకున్నాడు. ముసుగు చాటున ఉండే ఘోషా ఇంటి ఆడమనిషి పేరు కచేరీలో ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. పందిరి పక్కన మా వీధి మగవాళ్లు నలుగురైదుగురు డ్యూటీలో ఉన్నారు, పెదనాన్న కూడా. అమ్మ లేచింది.

"నేనే రాశానయ్యా."

"నువ్వు తండా మనిషివా?"

"కాదయ్యా. ఈ కచేరీలో డవాలా బంట్రోతుగా చేసి చనిపోయినాయన భార్యను."

"మరి వీళ్లతో నీకేం పని?"

అమ్మ ఒక అడుగు ముందుకేసింది. "మా తాతలు కత్తులు పట్టుకుని వచ్చారయ్యా ఈ సీమకి. వీళ్ల తాతలు గింజలు మోసుకుని వచ్చారు. కత్తి తెచ్చినోళ్లని నమ్మి సర్కారు బిళ్ల ఇచ్చింది. గింజలు తెచ్చినోళ్లని దొంగలంది. అదెందుకో నాకు తెలియటంలా. మీరు చదువుకున్నోరు."

అధికారి అమ్మ వంక చూడకుండా, కలం సిరాలో ముంచి అర్జీ మీద నాలుగు పంక్తులు రాశాడు. ఎండాకాలం రెండు నెలలు, ఇంటికొక మగవాడు వెళ్లవచ్చు. వానలు పడగానే తిరిగొచ్చి హాజరు పలకాలి. అడిగిందంతే, ఇచ్చిందీ అంతే. హాజరు మాత్రం పోలేదు. అది పోవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. స్వరాజ్యం వచ్చిన రోజుల్లో ఆ చట్టమే పోయింది.

జనం చెదిరాక పెదనాన్న మా దగ్గరికొచ్చాడు. అమ్మ మీద ఎక్కడ కేకలేస్తాడోనని నేను ఆమె కొంగు పట్టుకున్నాను. ఆయన మాత్రం తండా ఆడవాళ్లతో, "మా మరదల్ని ఇంటి దాకా దిగబెట్టి పోండి, ఎండగా ఉంది" అన్నాడు. తొమ్మిది ఇళ్ల పెద్ద తమ ఇంటి ఆడమనిషిని లంబాడీలకు అప్పగించడం నేను వినడం అదే మొదలు. తోవలో నెయ్యి తెచ్చే ఆమె అమ్మను బంట్రోతమ్మా అనలేదు. "బాయీ" అంది. వాళ్ల మాటలో అక్కచెల్లెలిని అలా పిలుస్తారు.

ఆ ఏడు గొడ్లన్నీ తిరిగొచ్చాయి. ఆ తర్వాత అమ్మ దగ్గరికి అర్జీల కోసం తండా నుంచే కాదు, ఊళ్లోంచి కూడా వచ్చేవారు. మావాళ్లూ వచ్చేవారు, మొదట్లో తలుపు చాటు నుంచి, తర్వాత తిన్నగా. చట్టం పోయిన ఏడు తండావాళ్లు బడి కావాలని అర్జీ రాయించుకున్నారు. రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి మంజూరైంది గానీ అంత దూరం నడిచి రావడానికి పంతుళ్లెవరూ ఒప్పుకోలేదు. పంతులు దొరికేదాకా అమ్మే వెళ్లి చెప్పింది, దాదాపు రెండేళ్లు. అప్పటికి ముసుగు భుజాల దాకా జారింది. వేపచెట్టు కింద పదకొండు మంది పిల్లలు, అందులో నలుగురు ఆడపిల్లలు. చెయ్యి పోయిన పిల్ల ఎడమచేత్తో అఆలు దిద్దేది. అందరికంటే గుండ్రంగా రాసేది ఆ పిల్లే.