చెయ్యి తియ్యి

మా రైల్వే కాలనీలో ఇంకా ఎవరింట్లోనూ టీవీ లేని రోజులవి. బొమ్మ కదిలితే చాలు, నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. దాన్ని కదిలించేది ఎవరని అడగాలని కూడా తోచేది కాదు. నాకు మాత్రం అడగకుండానే తెలిసిపోయింది, రాయపూర్ ఎండల్లో ఒక మట్టిబొమ్మను కదిలించిన చేతులు నావే గనక. (దాని చేతులు పీకిందీ నేనే, ఆ సంగతికే వస్తున్నాను.)

మా అన్నయ్య ఫొటో స్టూడియోలో పనికి కుదిరాడు. పండరీ బజారులో చీరల దుకాణం సేఠ్ ఒకాయన, దీపావళికి దుకాణం ముందు తెర కట్టి చూపించడానికి చిన్న బొమ్మల సినిమా కావాలన్నాడు. నచ్చితే అన్నయ్యకి ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే ఏమిటన్నది నాన్న తేల్చేశారు. "మర్నాడే నాతో వచ్చి రైల్వేలో ఖలాసీగా చేరు. ఈ బొమ్మలాటలు బంద్."

అన్నయ్య తీగ వంచి ఎముకలు చేస్తే, పిల్లలాడుకునే రంగుల మైనపు మట్టి పట్టించి నేను ఆడమనిషిని చేశాను. (ఐదో తరగతితో బడి మానేసి రొట్టెలు ఒత్తుతున్నదాన్ని, ముద్దలు నాకో లెక్కా!) ఎండకి అది మెత్తబడిపోతే నీళ్ళకుండకి ఆనించి గట్టిపరిచేదాన్ని. ఇక పని ఏమిటంటే, బొమ్మని గోరంత కదపాలి, నా చెయ్యి తీసేయాలి, అన్నయ్య ఒక్క ఫొటో నొక్కాలి. మళ్ళీ గోరంత. ఇలా పదహారుసార్లు చేస్తే ఒక్క సెకను సినిమా. బొమ్మ దణ్ణం పెట్టేసరికి మధ్యాహ్నం అయింది. "ఇంత నిదానంగా దణ్ణం పెడితే దేవుడు లేచి వెళ్ళిపోతాడురా" అంది అమ్మ.

అన్నయ్యకి దగ్గరి చూపే గాని దూరం ఆనదు. కెమెరాకి కన్ను ఆనించాలని కళ్ళజోడు జేబులో పెట్టేశాడు, ఇక బొమ్మ మసకమసగ్గానే కనిపించేది. ప్రతి ఫొటోకీ "చెయ్యి తియ్యి" అనడం, నేను తీయడం. ఒకసారి నేను ముందే తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అయినా అలవాటు కొద్దీ, "చెయ్యి తియ్యి" అన్నాడు. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి మరి, ఇంకెవరి చెయ్యి? బొమ్మ చెయ్యి ఒకటి పుటుక్కున తీసేశాను. కథలో మాయేదో ఉంది కాబోలనుకున్నాను. "జల్దీ, చెయ్యి తియ్యవే!" రెండోదీ తీసేశాను. మిగిలిన రీలంతా పాపం ఆవిడ తల ఊపుతూ గడిపింది.

రీలు బొంబాయి వెళ్ళి కడిగించుకుని వచ్చాక, సేఠ్ దుకాణం వెనక గదిలో దుప్పటి కట్టి వేశారు. బొమ్మ నవ్వింది, దణ్ణం పెట్టింది, చేతులు మాయం! అన్నయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద చురుక్కుమంటుంది. "అరే భాయీ, ఇస్‌కే హాథ్ కహాఁ గయే?" అని దీని చేతులేమయ్యాయో అడిగాడు సేఠ్. నాకు ఖలాసీ నీలం చొక్కా కళ్ళముందు ఆడింది. వచ్చీరాని హిందీలో, "చీరలు ఏరడానికి మీ దుకాణానికి ముందే పరిగెత్తాయి సేఠ్‌జీ, ఆవిడే అందుకోలేక, తల ఊపుతూ వెనకాల వస్తోంది" అనేశాను. సేఠ్ పొట్ట పట్టుకుని నవ్వి, ఆ మాటనే తెర కింద అట్టమీద రాయించాడు. "చేతుల్లేని బొమ్మ వీడికి చేతినిండా పని ఇచ్చింది" అని అమ్మ కాలనీ అంతా చెప్పుకుంది.

ఇప్పుడు అన్నయ్యకి జుట్టంతా నెరిసింది. పండక్కి అందరినీ నిలబెట్టి ఫొటో తీస్తూ, "చెల్లీ, మొహానికి అడ్డం, చెయ్యి తియ్యి" అంటాడు. నేను తీసేముందు ఒకసారి కిందకి చూసుకుంటాను. ముడతలు పడ్డాయి గాని, రెండూ ఉన్నాయి.