యూఎస్‌బీ పోర్టులో బండారి

అది 2021. నకిరేకల్‌లో హైవే పక్కన నా కంప్యూటర్ రిపేరు షాపు. కాలేజీలు ఇళ్లలోనే నడుస్తున్న రోజులు కాబట్టి చుట్టుపక్కల పల్లెల్లోని చెడిపోయిన లాప్‌టాప్‌లన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. నాకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ ఏడాది అది అక్కడి నుంచి దిగనే లేదు.

ఒక పొద్దున డిగ్రీ చివరి సంవత్సరం చదివే శిరీష, వాళ్ల అవ్వ లచ్చవ్వ కలిసి వచ్చారు. గొర్లు కాసుకునే కురుమ కుటుంబం. లాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల తెర మీద రెండు తెల్ల వాక్యాలు తప్ప ఇంకేమీ రావడం లేదు.

"అన్నా, మూడు గంటలకు ఆన్‌లైన్ల పరీక్ష ఉన్నది. పాసైతె కంపెనీల కొలువు. ఫోన్ల రాయనియ్యరంట," అంది శిరీష.

"ఆపరేటింగ్ సిస్టమ్ ఖరాబైంది చెల్లె. మళ్ల ఎక్కియ్యాలె. ఒక్క గంటల అయిపోతది, ఫికర్ చెయ్యకు," అన్నాను.

ఈ పనికి బూటబుల్ పెన్‌డ్రైవ్ కావాలి. మామూలుగా ఫైళ్లు కాపీ చేస్తే చాలదు. కంప్యూటర్ ఆన్ కాగానే దాన్ని గుర్తుపట్టి అందులోంచే లేచేలా ప్రత్యేకంగా తయారుచేయాలి. నా దగ్గర తయారుగా ఉన్నది పెట్టాను. బూట్ మెనూలో, అంటే దేనితో లేవాలో అడిగే పట్టికలో, దాని పేరు ఒకసారి కనిపించింది, మరోసారి మాయమైంది. ఎట్లాగో మొదలుపెడితే సగంలో ఆగిపోయింది.

పెన్‌డ్రైవ్ మళ్లీ తయారుచేశాను. పార్టిషన్ పద్ధతి మార్చాను, అది పాత మిషన్లకు ఒక రకం, కొత్త వాటికి ఒక రకం. తెలియని పెన్‌డ్రైవ్‌లను ఆపే సెక్యూర్ బూట్ తీసేశాను. చివరికి కొత్త పెన్‌డ్రైవే విప్పాను. అదీ అంతే. అదే పెన్‌డ్రైవ్ నా షాపు కంప్యూటర్‌కు పెడితే చక్కగా నడిచింది. దాని మూతి మీద పచ్చగా ఏదో అంటింది గానీ, అప్పుడే మిర్చి బజ్జీలు తిన్న చెయ్యి కదా అని ప్యాంటుకు తుడిచేశాను.

"ఏమాయె కొడుకా, పాణం వస్తలేదా?" అని అడిగింది లచ్చవ్వ.

"జర సప్పుడు చెయ్యకుండ కూసో అవ్వా," అని కసురుకున్నాను. శిరీష గోడ గడియారం వైపే చూస్తోంది. పన్నెండు దాటింది.

ఇక చేసేది లేక పోర్టులోకి టార్చ్ వేశాను. లోపల పసుపు. గట్టిపడి, పెన్‌డ్రైవ్‌ను తాకాల్సిన పిన్నులను కప్పేసింది. మూడు పోర్టులూ అట్లాగే ఉన్నాయి.

"దీంట్ల పసుపెవరు పోసిన్రు?"

శిరీష చటుక్కున అవ్వ వైపు తిరిగింది.

"నేనే పెట్టిన కొడుకా," అంది లచ్చవ్వ మెల్లగా. "ఐతారం ఐతారం మా బీరప్ప బండారి తడిపి పెడుతున్న. గొర్రెకైతె నొసలు కనవడ్తది. దీనికి నొసలేడున్నదో నాకెట్ల తెలుస్తది? గీ తొర్రలల్ల పెడితె లోపటికి ముడుతదనుకున్న."

బండారి అంటే వాళ్ల కులదైవం బీరప్ప గుడి పసుపు, మేలు జరగాలని గొర్లకూ మనుషులకూ బొట్టుగా పెడతారు.

"నా కొలువు నువ్వే పోగొడ్తున్నవ్ గదనే అవ్వా," అంది శిరీష, ఏడుపు గొంతుతో. లచ్చవ్వ ముఖం చిన్నబోయింది.

నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగింది. ఆ ముసలామె మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టింది. పొద్దున్నుంచి నేను చేసింది మాత్రం ఏమిటి? లోపల ఏముందో చూడకుండా నాకొచ్చిన మంత్రాలన్నీ చదివాను.

"తుడిస్తె పోతది అవ్వా. నువ్వు రందివడకు," అన్నాను.

బ్యాటరీ విప్పి, సర్క్యూట్ బోర్డులు కడిగే స్పిరిట్‌లో మెత్తటి బ్రష్ ముంచి ఒక్కో పిన్నూ శుభ్రం చేశాను. ఆరేదాకా ఆగి పెన్‌డ్రైవ్ పెడితే ఈసారి ఆగకుండా నడిచింది. రెండున్నరకల్లా పని పూర్తయింది. శిరీషకు ఇంటికి పోయే టైం లేదు కాబట్టి షాపు వెనక గదిలోనే కుర్చీ వేశాను.

లచ్చవ్వ కొంగున కట్టుకున్న బండారి ముడి మీద చెయ్యి వేసి, విప్పకుండా అట్లాగే నిలబడింది. శిరీష లాప్‌టాప్ బల్ల మీద పెట్టి ఆమె ముందుకొచ్చి తల వంచింది.

"నాకు పెట్టు అవ్వా. నా నొసలు నీకెర్కనే గద."

ఆ కొలువు శిరీషకు రాలేదు. మరుసటేడు ఇంకొకటి వచ్చింది, అదే లాప్‌టాప్ మీద పరీక్ష రాసి.

అప్పటి నుంచి పెన్‌డ్రైవ్ మొరాయిస్తే సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందు టార్చ్ తీస్తాను. ఇంట్లో లాప్‌టాప్‌ను ఎవరెవరు ముట్టుకుంటారో అడుగుతాను, కసురుకోకుండా. ఎవరైనా కొత్త లాప్‌టాప్ పట్టుకొస్తే ఇది పవర్ బటన్, ఇది చార్జర్ పెట్టే జాగా అని చెప్పి, మూత మూసి, నడిమధ్యన వేలు పెట్టి చూపిస్తాను. బొట్టు పెట్టాల్సింది ఇక్కడ.