శ్రుతి తగ్గించిన చెయ్యి

మా బావ కంప్యూటరును మేడ మెట్ల మీద నుంచి తన్నినప్పుడు నేను కింద వరండాలో డ్రమ్ము బిగిస్తున్నాను. అది ఒక్కో మెట్టుకూ తగులుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర బోర్లా పడింది. పక్క రేకు ఊడింది, ఫ్యాను రెక్కలు విరిగాయి. వెంటనే పైనుంచి చెంపదెబ్బ చప్పుడు. నేను పరుగెత్తేసరికి అక్క గోడకు ఆనుకుని పెదవి తుడుచుకుంటోంది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఇకనుంచి ఆ వెండి ల్యాప్‌టాపే!" అని బావ అరుస్తున్నాడు.

మాది ముగ్గురి బ్యాండు. బావ పాడతాడు, నేను డ్రమ్స్ కొడతాను, అక్క కీబోర్డు వాయిస్తుంది. ఫ్లూటు, వయొలిన్లు, బేసు అన్నీ ఆమె కంప్యూటరులోంచే వస్తాయి. అంతకుముందు కీబోర్డు వాయించే ఆయన ఒక ప్రోగ్రాంలో, "ఈ పాట మీ గొంతుకు ఎత్తు ఎక్కువైంది" అని అందరి ముందూ అన్నాడు. బావ మైకు స్టాండు తీసి ఆయన భుజం విరగ్గొట్టాడు. అలా ఖాళీ అయిన కుర్చీ అక్కకు దక్కింది. ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మేడ మీది చిన్న గదిలో తలుపేసుకుని, తప్పులు చేసుకుంటూ, ఒక్కో పాటా కట్టుకుంది.

ఆ నల్ల డబ్బా కూడా ఆమె కొన్నది కాదు, విడి భాగాలు తెచ్చి కూర్చుకున్నది. స్క్రూడ్రైవరుతో పొట్ట విప్పేది, పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపేది, చెడిన ముక్క మార్చి మళ్లీ మూసేది. దానికి బరువెక్కువ, మోతెక్కువ, వేడి ఇంకా ఎక్కువ. ఓ ఎండాకాలం స్టేజీ మీద పాట మధ్యలో బిగుసుకుపోయింది. తిరుగుదారిలో బావ వ్యానులోనే అక్క జుట్టు పట్టుకుని తలను కిటికీకేసి కొట్టాడు. వేడెక్కింది కంప్యూటరైతే బొప్పి కట్టింది మా అక్కకు.

తర్వాత ఎవరి స్టేజీ మీదో వెండి రంగు ల్యాప్‌టాప్ చూసి బావ మనసు పారేసుకున్నాడు. అబద్ధమెందుకు, నాకూ నచ్చింది. తేలిక, చప్పుడు లేదు, కీ నొక్కీ నొక్కకముందే స్వరం పలుకుతుంది. అక్క కూడా కాదనలేదు.

"మంచిదేనండీ. కానీ నా పాటలు దాంట్లో తెరుచుకోవు. నేను వాడే సాఫ్ట్‌వేర్ దానికి లేదు. అన్నీ మళ్లీ మొదట్నుంచి కట్టాలి. కాస్త టైమివ్వండి" అంది.

బావకు ఓపికెక్కడిది? షాపువాడు రెడీమేడ్ ట్రాకులు ఎక్కించి ఇస్తానన్నాడు. అసలు పాట ఏ శ్రుతిలో ఉంటే అదే శ్రుతి, బటన్ నొక్కితే చాలు, కదపడానికేమీ ఉండదు. అక్క వద్దంది. అందుకే ఆ రోజు నల్ల డబ్బా మెట్లు దిగింది.

కదపడానికి లేకపోతే చిక్కేమిటో అక్కకూ నాకూ తెలుసు. బావ గొంతు పోయింది. పైకి వెళ్తే చీలిపోతుంది. పాటకు ముందు ఆయన గొంతు సవరించుకోవడం విని, అక్క నల్ల డబ్బాలో శ్రుతిని ఓ మెట్టో రెండు మెట్లో దించేది. తాళం వినబడడానికి నేను పెట్టుకునే ఇయర్‌ఫోన్‌లో, తన చిన్న మైకు నుంచి, "ఇవాళ రెండు తగ్గిస్తున్నానురా" అనేది. డ్రమ్ములకు శ్రుతితో పనేముంది! చెప్పుకోవడానికి ఇంకెవరూ లేక నాకు చెప్పేది. జనం చప్పట్లు కొట్టేవారు. ఇంటికొచ్చాక బావ ఏదో వంక పెట్టుకుని అక్కను కొట్టేవాడు.

"ఎందుకు పడుతున్నావక్కా?" అని ఎన్నోసార్లు అడిగాను.

"ఆయనకు తెలీదురా. గొంతు అలాగే ఉందనుకుంటున్నారు. నేనేం చేస్తున్నానో తెలిస్తే నా మీద చెయ్యెత్తరు. కానీ ఎలా చెప్పను? చెబితే ఆ మనిషి తట్టుకోలేడు."

ఈ ఒక్క నమ్మకం పట్టుకుని ఆ ఇంట్లో ఉంది మా అక్క. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

వెండి ల్యాప్‌టాప్‌తో మొదటి ప్రోగ్రాం ఒక ఫ్యాక్టరీ వాళ్ల హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు, అప్పటికే తాగేసి ఉన్న జనం. మొదటి రెండు పాటలూ ఎలాగో గట్టెక్కాయి. మూడో పాట చరణంలో పైకి లేచే చోట బావ గొంతు చీలింది. ఎవరో మెడ పిసికినట్టు కీచుమంది. జనం నవ్వారు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ చీలింది. ఓ సీసా వచ్చి నా డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి తాళాలకు తగిలి పగిలింది. నవ్విన వాళ్లూ ఊరుకోమన్న వాళ్లూ కలబడ్డారు, విడదీసేవాడు లేడు. కుర్చీలు గాల్లోకి లేచాయి.

బావ అక్క వైపు తిరిగాడు. మైకు నోటి దగ్గరే ఉందని మరిచిపోయాడు.

"రోజూలా తగ్గించవే! రెండు తగ్గించు, దరిద్రపుదానా!"

స్పీకర్లు ఆ మాటను హాలంతా వినిపించాయి. నా చేతులు ఆగిపోయాయి. అక్క బావనే చూస్తోంది.

"తగ్గదండీ" అంది. "మీరు కోరి తెచ్చుకున్నదే. ఇది తగ్గదు."

పాట ఆపుదామని ల్యాప్‌టాప్ మీదికి చెయ్యి చాపింది. బావ ఒక్క ఉరుకున వచ్చి, మూతను ఆమె వేళ్ల మీదికి బాది, మోకాలితో అదిమాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమె మైకులోంచి నేరుగా నా చెవిలోకి వచ్చింది. పాట ఆగిపోయింది.

నేను ఇత్తడి తాళం స్టాండు పెరికాను. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది పక్కటెముకల మీద. లెక్క తప్పకుండా కొట్టడం నా వృత్తి, ఆ రోజు మాత్రం లెక్క లేదు. బావ వైర్ల మధ్య కూలిపోయాడు. ఇంకా కొట్టేవాణ్ణే.

"ఆగరా" అని అక్క అడ్డం వచ్చింది. మళ్లీ వెనకేసుకొస్తోందనుకున్నాను. ఆమె బావ ముఖం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. నలిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది, చీరంతా రక్తం.

"మీకు తెలుసా?"

"నా గొంతు నాకు తెలీదటే?" అన్నాడు బావ, నెత్తురు ఉమ్మి.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"అయితే ఇన్నాళ్లూ తెలిసే కొట్టావా?" అంది. బావను ఆమె నువ్వు అనడం నేను వినడం అదే మొదటిసారి.

ఆయన ముఖం తిప్పుకున్నాడు. అక్క లేచి స్టేజీ దిగింది. కొట్టుకుంటున్న వాళ్లు కూడా పక్కకు జరిగి దారిచ్చారు. నేను డ్రమ్ములు అక్కడే వదిలేసి వెంట పరుగెత్తి వ్యాను తీశాను. ఆమె వేళ్లు అప్పుడే నల్లబడుతున్నాయి.

"ఆసుపత్రి దగ్గర్లోనే ఉందక్కా, రెండు నిమిషాల్లో వెళ్లిపోతాం" అన్నాను.

"ముందు పోలీస్ స్టేషన్‌కి పోనీ" అంది అక్క. "వేళ్ల సంగతి తర్వాత."