మసి అంటని చదువు

ఆదోని పత్తి మిల్లులో నేను కాటా దగ్గర ఉన్నప్పుడు, ఎమ్మిగనూరు నుంచి లోడుతో వచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు, మా పెద్దనాయన తెల్లవారుజామున పోయాడని. కాటా మీదున్న బండిని తూచి పంపి బస్టాండుకు నడిచాను. ఊరు చేరేసరికి మా వీధిలో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి.

మా నాయన చనిపోయాక నన్ను పెంచింది ఆయనే. పొద్దున గుంత మగ్గంలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. ఎవరైనా చదువుకున్నవాళ్లు పలకరిస్తే గంజి అంటిన చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. పోగును అటూ ఇటూ నడిపే నాడెను నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. "నీ సేతులు సదువుకు ఇడిసినా. దీంట్లో పెట్టొద్దు" అనేవాడు.

పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. నూలు కొనేముందు పోగు తీసి లాగి చూడడం ఆయన అలవాటు. కాలేజీనీ అలాగే చూడాలన్నాడు. ఆఫీసు గదికి పోకుండా నేరుగా వెనక షెడ్డులోకి నడిచాడు. అక్కడ ఖాకీ బట్టల్లో పిల్లలు వరసగా నిలబడి ఇనుప ముక్కలను ఆకురాయితో అరగదీస్తున్నారు. మోచేతుల దాకా మసి.

"ఏమప్పా, రోజూ ఇదేనా?" అని ఒకణ్ణి అడిగాడు.

"ఇదే పెద్దాయనా. సేతులు కాయలు కాసినాయి సూడు."

తిరుగు బస్సులో ఆయన అన్నాడు: "ఇంతకన్నా మన మగ్గమే మేలు కదరా. కూర్చోనన్నా సేస్తాము."

అలా నేను ఆదోనిలో ఇంటర్, ఆ తర్వాత బి.ఏ. చదివాను. తెల్లచొక్కా వేసుకుని బెంచీ మీద కూర్చునే చదువు. సెలవులకు ఇంటికి వస్తే నా అరచేతులు తిప్పి చూసేవాడు. సిరా మరక తప్ప ఏమీ లేకపోతే ఆయనకు తృప్తి.

మా వీధిలోనే ఉండే నా జతగాడు ఆ పాలిటెక్నిక్‌లో చేరాడు. నేను డిగ్రీ ముగించేసరికి అతను తుంగభద్ర కాలువ మీద సూపర్‌వైజరు. మసి పని మొదట్లోనే. తర్వాతంతా కొలతలు, పటాలు. పెద్దనాయన అతణ్ణి పిలిచి చేతులు చూపించమన్నాడు. మసి గానీ కాయలు గానీ లేవు. చూసి వదిలేశాడు.

తర్వాత నన్ను వెంటబెట్టుకుని ఆదోనిలో మిల్లు మిల్లుకూ తిరిగాడు. ఒకచోట మేనేజరు టైపు వచ్చా అని అడిగాడు. రాదన్నాను. పెద్దనాయన ముందుకు వచ్చి, "సరిత్ర బాగ సదివినాడు సామీ. రాజులంతా వీనికి నోటికొస్తారు" అన్నాడు.

"పత్తికి రాజులెందుకప్పా? బేళ్లు ఎత్తుతాడేమో సెప్పు."

గుమాస్తాలు నవ్వారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు. బయటికి వచ్చాక కొళాయి దగ్గర వంగి చాలాసేపు నీళ్లు తాగాడు.

"నేనే సెడగొట్టినానేమో రా" అన్నాడు మూతి తుడుచుకుంటూ. నేను కొళాయి కట్టేశాను.

ఈ కాటా పనికి పదో తరగతి చాలు. అదైనా దొరకడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా ఆయనకు చూపు తగ్గింది. పోగు తెగినా కనిపించేది కాదు. ఎవరి పెళ్లికో నేసిస్తానని ఒప్పుకున్న చీర మగ్గం మీద సగంలో ఆగిపోయింది. ఇంట్లో పొయ్యి ఒక పూటే వెలిగేది. ఒక మధ్యాహ్నం ఆయన బజారుకు పోయినప్పుడు నేను గుంతలోకి దిగాను. పెద్దమ్మ పక్కన కూర్చుని కాళ్ల కింది చెక్కలు ఎలా తొక్కాలో చెబుతూ వచ్చింది.

గుంతలో కూర్చున్నవాడికి మగ్గం కింది నుంచి గడప దగ్గరి మనిషి కాళ్లే కనిపిస్తాయి. ఆయన కాళ్లు అక్కడిదాకా వచ్చి ఆగాయి. తిడతాడని నాడె ఆపాను.

"ఆపొద్దు" అన్నాడు బయటి నుంచే. "అంచు వదులైతాది."

మళ్లీ మొదలుపెట్టాను. వెలుతురు పోయేదాకా దుమ్ము పట్టిన ఆ కాళ్లు లోపలికి రాలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు.